విమానపు రెక్క కొన ఏల నిక్కినది?

హైదరాబాదులో గాని విశాఖపట్టణములో గాని విమానాశ్రయమున నిలిచియున్న విమానములను పరికించినవారికి ఒక విశేషము కనుపించును. చాల విమానములకు రెక్క తిన్నగా సాగి సాగి, కొనయొద్ద మాత్రము పైకి మలుపు తిరిగి మనిషి నిలువును మించిన ఎత్తున నిక్కియుండును. దీనిని వింగ్‌లెట్ అందురు. తెలుగున మనము కొనరెక్క యనవచ్చును.

ఈ కొనరెక్కను గూర్చి లోకమున రెండు మాటలు వినవచ్చుచుండును. ఇది ఇంధనమును ఆదా చేయుననునది మొదటిది. విమానము వెనుక పుట్టు సుడిగాలిని అణచివేయుననునది రెండవది. మొదటి మాట నిజము. రెండవ దానిలో నిజము బహు స్వల్పము. ఈ తారతమ్యముపై ప్రాణములు ఆధారపడియున్నవి గనుక, దీనిని కొంచెము వివరముగా తెలిసికొందము.

ముందుకు సాగు రెక్క గాలిని క్రిందికి త్రోయును. ఆ త్రోపునకు ప్రతిక్రియగా గాలి రెక్కను పైకెత్తును. అట్టి స్థితిలో రెక్క అడుగున పీడనము హెచ్చుగను, పైభాగమున తక్కువగను ఉండును. నీరు పల్లమెరుగునన్నట్లు, గాలియు హెచ్చు పీడనమున్న చోటినుండి తక్కువ పీడనమున్న చోటికి పోజూచును. నడుమ రెక్క అడ్డముగా నున్నది. కొనయొద్ద అడ్డు తొలగును. అచ్చట అడుగుగాలి కొనను చుట్టుకొని పైకెక్కును. విమానము సాగిపోవుచుండగా ఈ చుట్టుడు రెక్కకొన వెనుక పొడవైన సుడియై నిలుచును. ఎడమకొన వెనుక ఒకటి, కుడికొన వెనుక ఒకటి, ఎదురెదురు దిక్కులకు తిరుగుచు విమానము వెనుక మైళ్ల పొడవున సాగును. వాని నడిమి గాలి క్రిందికి దిగుచుండును. వెలుపలి గాలి పైకి లేచుచుండును.

సుడిని త్రిప్పుటకు శక్తి కావలెను గదా. ఆ శక్తిని ఇచ్చునది ఇంజనే. అనగా ఇంధనములో కొంతభాగము ఈ సుడులకే ఖర్చగుచున్నదన్నమాట. దీనివలన విమానమునకు కలుగు అడ్డంకిని శాస్త్రజ్ఞులు ప్రేరిత నిరోధమందురు. నిలకడగా ఎగురునప్పుడు మొత్తము నిరోధములో నూటికి సుమారు 40 వంతులు ఇదియే. నేల విడిచి నెమ్మదిగా పైకెక్కునప్పుడు ఇది 80 వంతులను గూడ మించవచ్చును.

దీనిని తగ్గించు సూటియైన మార్గము రెక్కలను పొడిగించుట. ఇంజను లేకయే గాలిలో తేలియాడు గ్లైడరుకు సన్నని పొడవైన రెక్కలుండుటకు కారణమిదే. కాని రెక్క పొడిగినకొలది దాని మొదటిపై వంపు భారము హెచ్చును. దానికి తగిన బలము కూర్చినచో బరువు పెరుగును. చోటు చిక్కును గూడ కలదు. బోయింగ్ 737, ఎయిర్‌బస్ 320 వంటి విమానములు నిలుచు తావులకు రెక్కల వెడల్పు 36 మీటర్లకు లోబడియుండవలెనని నియమము. పక్కకు పొడిగింప వీలులేనిచోట పైకి పొడిగింపరాదా యను ఆలోచన ఇట్లు పుట్టినది.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. ఆంగ్లేయ ఇంజనీరు లాంచెస్టర్ 1897లోనే, విమానము ఇంకను ఎగురకమునుపే, రెక్కకొనలకు నిలువు పలకలు అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. జర్మనీలో ప్రాంట్ల్ మొదటి ప్రపంచయుద్ధ కాలమున రెక్కసుడుల లెక్కను గణితసూత్రములలో నిలిపెను. కాని ఉత్త పలకలు తమ రాపిడివలన లాభమునంతయు మ్రింగివేయుచుండెను. 1973లో చమురు ధర మండిపోయిన పిమ్మట అమెరికాలో నాసా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ విట్‌కూంబ్ ఈ సమస్యను మరల చేపట్టెను. నిలువు పలకను గూడ రెక్కవలెనే శ్రద్ధగా మలచవలెననునది ఆయన కనుగొన్న కీలకము. మన పడవవాడు తెరచాపను త్రిప్పి ఏటవాలు గాలినుండియు ముందుకు పోవు బలమును రాబట్టును. అదేవిధముగా, చక్కగా మలచిన కొనరెక్క కొనయొద్ద ఏటవాలుగా తిరుగుచున్న గాలినుండి ముందుకు లాగు బలమును కొంత సంపాదించును. 1976లో ఆయన ప్రకటించిన ఫలితముల ప్రకారము ప్రేరిత నిరోధము నూటికి సుమారు 20 వంతులు తగ్గినది. రెక్క మొదటిపై అంతే భారము పడునట్లు రెక్కను పొడిగించినచో కలుగు లాభమునకు ఇది రెట్టింపును మించినది.

1979-80లలో కె.సి.135 అను పెద్ద విమానమునకు కొనరెక్కలు తగిలించి ఎగురవేసి చూడగా ఇంధనమున నూటికి 6 వంతులకు పైగా లాభము కనుపించెను. 1989లో సేవలోనికి వచ్చిన బోయింగ్ 747-400కు 6 అడుగుల కొనరెక్కలు అమరినవి. తరువాత 737కును, 320కును వచ్చినవి. నేడు వీనివలన దూరప్రయాణములలో నూటికి 4 వంతులవరకు ఇంధనము మిగులును. దగ్గరి ప్రయాణములలో లాభము తక్కువ. కొనరెక్కల బరువును, రాపిడియు దానిలో కొంత హరించును. బోయింగ్ 787కు నిలువు కొనరెక్కయే లేదు. దాని కొనలను వెనుకకు వాల్చి పొడిగించిరి. మార్గము వేరైనను ప్రయోజన మొక్కటే.

ఇక సుడిగాలి మాట. సుడి బలమును ముఖ్యముగా నిర్ణయించునవి మూడు: విమానపు బరువు, వేగము, రెక్కల వెడల్పు. బరువు పెరిగినను, వేగము తగ్గినను సుడి బలపడును. వెడల్పు పెరిగినచో కొంత తగ్గును. గాలిలో నిలుచు ప్రతి వస్తువును తన బరువునకు తగినంత గాలిని క్రిందికి త్రోయవలసినదే. ఈ బాకీ తీర్చక ఏ విమానమును ఎగురజాలదు. కొనరెక్క ఆ త్రోపును మరికొంత పొదుపుగా జరుపును. సుడుల నడుమ దూరమును స్వల్పముగా పెంచును. అంతేగాని సుడిని లేకుండ చేయజాలదు.

ఇందుకు సాక్ష్యములు కలవు. 1972 మే నెలలో అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో శిక్షణలో నున్న డి.సి.9 విమానము, ముందు దిగిన భారీ డి.సి.10 వదలిన సుడిలో చిక్కి, తలక్రిందులై కూలెను, నలుగురు మరణించిరి. ఆ విమానములకు కొనరెక్కలు లేవు. కాని 2017 జనవరిలో అరేబియా సముద్రముపై జరిగిన సంగతి వినుడు. ఎయిర్‌బస్ 380 రెక్కకొనలకు పైకిని క్రిందికిని సాగిన పలకలున్నవి. అది 1,000 అడుగుల ఎత్తున ఎదురుగా దాటిపోయిన కొలదిసేపటికి, క్రింద మాల్దీవులనుండి వచ్చుచున్న చిన్న జెట్ విమానము దాని సుడిలో పడి పలుమార్లు పొర్లి, సుమారు 9,000 అడుగులు జారినది. లోపలివారు గాయపడిరి. పైలట్లు ఎట్లో నిలదొక్కుకొని మస్కట్‌లో దింపగలిగిరి. విమానము మరమ్మతునకు పనికిరాకపోయెను.

కనుక సుడినుండి కాపాడునది దూరము, కాలము. సుడులు నిమిషమునకు 300 నుండి 500 అడుగుల చొప్పున క్రిందికి దిగుచు, కొన్ని నిమిషములలో చెదరిపోవును. అంతవరకు వెనుకవారు ఆగవలెను. అంతర్జాతీయముగా చాలకాలమునుండి అమలులోనున్న నియమముల ప్రకారము, లక్షా ముప్పదియారు వేల కిలోలు మొదలుకొని ఆపై బరువున్న భారీ విమానము వెనుక దిగు మధ్యతరగతి విమానము 5 నౌకామైళ్లు, అనగా 9 కిలోమీటర్లకు పైగా, ఎడముగా ఉండవలెను. చిన్నది 6 నౌకామైళ్లు. 380 వెనుకనైనచో ఈ దూరములు 7, 8 నౌకామైళ్లకు పెరుగును. పైలట్లును ముందు విమానము దిగిన దారికి కొంచెము పైగా వచ్చి, అది నేలను తాకిన చోటు దాటి తాకుదురు. సుడి క్రిందికి జారును గనుక పైదారి క్షేమము.

గాలి నిశ్చలముగా నున్న ప్రశాంతమైన దినమే ఇందు అపాయకరము. పెనుగాలి సుడిని త్వరగా చెదరగొట్టును. పిల్లగాలి మాత్రము దానిని రన్‌వే మీదనే నిలిపియుంచగలదు. అది కంటికి కనబడదు.

విమానము బయలుదేరవలసిన వేళకు రన్‌వే అంచున రెండుమూడు నిమిషములు ఊరక నిలిచినచో ప్రయాణికులు విసుగుకొనుట కలదు. ముందు లేచిన పెద్ద విమానపు సుడి దిగిపోవుటకై ఆ నిరీక్షణ యయియుండవచ్చును. కొనరెక్క మిగిల్చిన ఇంధనము లాభమే. ఆ నిమిషములు మిగిల్చునది మన ప్రాణము.