స్వతంత్ర సంస్కృతి పాత్రికేయం: పనితీరు, హక్కులు

ఏ పత్రికలోనూ నెలజీతానికి కుదురుకోకుండా, వ్యాసానికి ఇంత అని పారితోషికం తీసుకుంటూ పలు పత్రికలకు రాసేవారిని ఫ్రీలాన్స్ జర్నలిస్టులు, అంటే స్వతంత్ర పాత్రికేయులు అంటారు. ఊరి వార్తలను ఒకే పత్రికకు పంపి, అచ్చయిన మేరకు లైన్ అకౌంట్ కింద డబ్బు పొందే కంట్రిబ్యూటర్ కంటే వీరి స్థితి భిన్నమైనది. విషయాన్ని ఎంచుకోవడం, దానికి తగిన పత్రికను వెతుక్కోవడం, చాలా సందర్భాల్లో దారిఖర్చులు ముందుగా భరించడం కూడా వీరి వంతే.

తిండి, బట్ట, పండుగ, కళ వంటి విషయాలపై వీరు రాసేవి ఎక్కువగా ఫీచర్లు, అనగా నాటి వార్తకు పరిమితం కాకుండా ఒక విషయాన్ని నేపథ్యంతో సహా వివరించే వ్యాసాలు. సంక్రాంతి, బతుకమ్మ వంటి సందర్భాలకు సంచికలను ముందుగానే సిద్ధం చేస్తారు కనుక, పండుగ దగ్గరపడ్డాక పంపిన వ్యాసం ఎంత బాగున్నా ఆ ఏడాదికి అక్కరకు రాకపోవచ్చు.

ఈ రచనకు ప్రాణం దగ్గరగా చూడటంలో ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ కషాయం, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. బెల్లం, ఇనుప ముక్కలు నీటిలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రావణంలో వెదురు కలాన్ని ముంచి గీత గీస్తే, అందులోని ఇనుము కరక్కాయలోని వగరు పదార్థంతో కలిసి నల్లబడుతుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. కృష్ణా జిల్లా పెడనలో మాత్రం కలానికి బదులు చెక్క అచ్చులతో అద్దకం చేస్తారు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి రాసిన వ్యాసం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే కాక, రెండు ఊళ్ల పనివాళ్లకూ అన్యాయం చేస్తుంది. ఈ తేడా తెలుసుకోవడానికి పట్టిన రోజులు అచ్చులో కనిపించవు; పారితోషికం లెక్కలోకీ తరచుగా రావు.

అందువల్ల స్వతంత్ర పాత్రికేయులు హక్కుల విషయంలో జాగ్రత్తగా ఉండటం అవసరం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, పత్రికా ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసినదానిని పత్రికలో ప్రచురించే హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యాజమాన్యానికి చెందుతుంది. ఉద్యోగి కాని వ్యక్తి రాసిన వ్యాసానికి సాధారణంగా ఆ రచయితే తొలి హక్కుదారు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు పేర్కొనకపోతే అది 5 సంవత్సరాలకూ, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికీ పరిమితమవుతుంది. కాబట్టి వ్యాసం ఒక్కసారి ప్రచురణకే ఇస్తున్నారా, సర్వహక్కులూ వదులుకుంటున్నారా, డబ్బు ఎప్పుడు అందుతుంది, అచ్చు వేయకపోతే ఏమిటి అన్నవి రాయడానికి ముందే కాగితం మీదికి రావాలి.

నిజాయితీకి పరీక్ష మరోవైపు నుంచి వస్తుంది. హోటళ్లు, పర్యాటక సంస్థలు, దుస్తుల దుకాణాలు ఉచిత బసనో బహుమతినో ఇవ్వజూపినప్పుడు, ఖర్చు చేతి నుంచి పెట్టుకునే రచయితకు కాదనడం కష్టమే. అయినా స్వీకరించిన ఆతిథ్యాన్ని సంపాదకుడికీ పాఠకుడికీ చెప్పకుండా రాసిన మెచ్చుకోలు వ్యాసం కాదు, ప్రకటన. రచయిత ఈ ప్రలోభానికి లోనుకాకుండా ఉండాలని కోరే పత్రికలు పరిశీలనకు పట్టే సమయానికీ ప్రయాణానికీ విలువ కట్టి, ఒప్పుకున్న పారితోషికాన్ని వేళకు చెల్లించాలి. అది దానం కాదు, నమ్మదగిన రచనకు తప్పనిసరి పెట్టుబడి.