ఫ్రైస్‌కి చీజ్ సాస్: విరగకుండా, మన పాలతోనే

ఆలుగడ్డలు కోసి ఫ్రైస్ వేయించుకోవడం మనలో చాలామందికి వచ్చు. సాస్ దగ్గరకొచ్చేసరికే కథ ఆగిపోతుంది. గిన్నెలో పాలు మరిగించి, తురిమిన చీజ్ వేసి కలిపితే సాస్ అవ్వాలి కదా. కానీ చాలాసార్లు అడుగున రబ్బరు లాంటి ముద్ద, మధ్యలో నీళ్ల పాలు, పైన పసుపు నూనె, ఇలా మూడు లేయర్లు తయారవుతాయి. ఎంత కలిపినా మళ్లీ కలవవు. అప్పుడు "సాస్ అంటే ప్యాకెట్‌దే, ఇంట్లో రాదు" అని తీర్మానం చేసేస్తాం.

ఇంట్లో వస్తుంది. కరీంనగర్‌లో ఏ కిరాణా షాపులోనైనా దొరికే రెండు పొడులు, ఒక లీటరు పాలు ఉంటే చాలు. ముందు అది ఎందుకు విరుగుతుందో అర్థం చేసుకుంటే, తర్వాత రెసిపీ గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం కూడా ఉండదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఆదిలాబాద్‌లో ఉండే మా నానమ్మ చీజ్ ముట్టదు. దూడ కడుపులోంచి తీసిన దేంతోనో దాన్ని గడ్డ కట్టిస్తారని ఎవరో చెప్పారు. "ఎట్ల జేస్తరో చెప్పు బిడ్డా, అప్పుడు తింట" అంటుంది. అది న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్నకి పూర్తి జవాబు చెప్పగలిగే సాస్ చేయడమే ఈ వ్యాసం పని.

చీజ్ అంటే జున్ను కాదు

మన నిఘంటువుల్లో, తెలుగు సైన్స్ పుస్తకాల్లో చీజ్‌కి "జున్ను" అని రాస్తారు. కానీ మన ఇళ్లల్లో జున్ను అంటే బర్రె ఈనిన కొత్తలో ఇచ్చే జున్నుపాలతో, బెల్లం, మిర్యాలు, ఇలాచీ వేసి ఆవిరి మీద ఉడికించేది. రెండూ పాల ప్రొటీన్ గడ్డకట్టడం వల్లే వస్తాయి కానీ, గడ్డకట్టే ప్రొటీన్ వేరు.

మామూలు పాలల్లో ఉండే ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం కేసిన్. మిగతాది పాల తేటలో ఉండిపోయే ప్రొటీన్లు. జున్నుపాలల్లో ఈ రెండో రకం చాలా ఎక్కువ, దూడకి రోగనిరోధక శక్తి ఇచ్చేవి అవే. కోడిగుడ్డు తెల్లసొన లాగా అవి వేడికి గడ్డకడతాయి. అందుకే జున్నులో నిమ్మరసం వెయ్యాల్సిన పనిలేదు. చీజ్ మాత్రం కేసిన్ మీద నిలబడుతుంది. కేసిన్ ఒట్టి వేడికి గడ్డకట్టదు, అందుకే పాలు ఎంత మరిగినా పాలుగానే ఉంటాయి. దానికి పులుపు కావాలి, లేదా రెనెట్ అనే ఎంజైమ్ కావాలి.

నానమ్మ విన్నది ఈ రెనెట్ గురించే. పాతకాలంలో యూరప్‌లో పాలు తాగే దూడల కడుపు లోపలి పొరనుంచి దాన్ని తీసేవాళ్లు. ఇప్పుడు సూక్ష్మజీవులతో తయారయ్యే రెనెట్ ఉంది. మన దగ్గర కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసుకోవాలి. ఇంట్లో వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో విరగ్గొడితే ఈ ప్రశ్నే రాదు.

సాస్ ఎందుకు విరుగుతుంది

చీజ్ ముక్కలో మూడు సరుకులు ఉంటాయి: కేసిన్, కొవ్వు, నీళ్లు. కేసిన్ ఒక వల లాగా అల్లుకుని ఉంటుంది. ఆ వల కళ్లల్లో కొవ్వు, నీళ్లు ఇరుక్కుని ఉంటాయి. ఒక కేసిన్‌ని ఇంకో కేసిన్‌తో కట్టి ఉంచే ముడి కాల్షియం.

వేడి చేస్తే ముందు కొవ్వు కరుగుతుంది. వేడి ఇంకా పెరిగితే కేసిన్ వల దగ్గరకు ముడుచుకుంటుంది. తడి బట్టని పిండితే నీళ్లు కారినట్టు, లోపలున్న కొవ్వు, నీళ్లు బయటికి వచ్చేస్తాయి. మిగిలిన వల రబ్బరు ముద్ద అవుతుంది. మన గిన్నెలో కనిపించిన మూడు లేయర్లు ఇవే. పిజ్జా మీద వేసే మొజరెల్లా అయితే పొడుగ్గా తీగలు సాగుతుంది. పిజ్జాకి అది అందం, సాస్‌కి అదే సమస్య.

అంటే ఇక్కడ బగ్ మంట దగ్గర లేదు, గరిటె దగ్గరా లేదు. కాల్షియం ముడి దగ్గర ఉంది. ఆ ముడిని వదులు చేస్తే కేసిన్ వల నుంచి విడిపోయి నీళ్లల్లో కలుస్తుంది. కేసిన్‌కి ఒక మంచి గుణం ఉంది. దాని ఒక వైపు నీళ్లని ఇష్టపడుతుంది, ఇంకో వైపు నూనెని ఇష్టపడుతుంది. విడిపోయిన కేసిన్ ప్రతి కొవ్వు బొట్టు చుట్టూ చేరి, దాన్ని నీళ్లల్లో తేలేలా పట్టుకుంటుంది. ఇప్పటిదాకా సాస్‌ని విరగ్గొట్టిన ప్రొటీనే ఇప్పుడు సాస్‌ని నిలబెడుతుంది.

ముడి వదులు చేసే ఆ పదార్థం పేరు సోడియం సిట్రేట్. అది కాల్షియంని తను పట్టుకుని, దాని జాగాలో సోడియంని పెడుతుంది. కెమిస్ట్రీలో దీని ఫార్ములాలో ఉండే అక్షరాలు ఎన్ఏ, సి, హెచ్, ఓ. వరుసగా చదివితే "నాచో" అని వస్తుంది. నాచోస్ మీద పోసే సాస్‌లో ఉండే ఉప్పుకి ఆ పేరే రావడం అనుకోకుండా జరిగిందే కానీ, ఒకసారి వింటే మర్చిపోలేం.

ఎండల కోసం పుట్టిన చీజ్

ఈ ఉపాయం కొత్తది కాదు. 1911లో స్విట్జర్లాండ్‌లోని థున్ అనే ఊళ్లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు ఎమెంటాల్ చీజ్‌ని సోడియం సిట్రేట్‌తో కలిపి కరిగించారు. వాళ్ల సమస్య సాస్ కాదు. వేడి దేశాలకు పంపితే చీజ్ దారిలోనే పాడయ్యేది. పాడవకుండా ఉండాలంటే దాన్ని వేడి చేసి క్రిములని చంపాలి. వేడి చేస్తే విరుగుతుంది. సిట్రేట్ వేస్తే విరగలేదు. ప్రాసెస్డ్ చీజ్ అలా పుట్టింది. 1916లో అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు.

మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండం లాంటి ఊళ్లల్లో ఇవాళ చీజ్ క్యూబ్‌లు దొరుకుతున్నాయంటే దాని వెనక ఈ ఆలోచనే ఉంది. ఈసారి ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. 331 అని ఉంటే అది సోడియం సిట్రేట్. 339 అని ఉంటే సోడియం ఫాస్ఫేట్, అదీ ఇదే పని చేస్తుంది. చాలా చీజ్‌లకి ఆ పసుపు రంగు అనాటో నుంచి వస్తుంది. దానికి మన పేరు జాఫ్రా. ఉత్తరాంధ్ర మన్యం వైపు ఆ గింజలు పండుతాయి.

"అయితే కెమికల్ వేస్తున్నట్టే కదా?" అని అడుగుతారు. నీళ్లు కూడా కెమికలే. అడగాల్సింది అది ఎక్కడిది, ఎంత వేస్తున్నాం అని. ఇది నిమ్మ పులుపు, తినే సోడా కలిస్తే వచ్చే ఉప్పు. మన కళ్ల ముందే తయారవుతుంది.

సోడియం సిట్రేట్ ఇంట్లోనే

కిరాణా షాపులో "నిమ్మ ఉప్పు" అని అడిగితే సిట్రిక్ యాసిడ్ ఇస్తారు. రెండోది తినే సోడా. బట్టల సోడా అస్సలు కాదు. బేకింగ్ పౌడర్ కూడా కాదు, అందులో ముందే పులుపు కలిపి ఉంటుంది.

ఎంత వెయ్యాలి? ఇంటర్‌లో చదివిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. సిట్రిక్ యాసిడ్ ఒక మోల్ 192 గ్రాములు. దాన్ని పూర్తిగా మార్చడానికి 3 మోల్స్ తినే సోడా కావాలి, 3 × 84 = 252 గ్రాములు. 252ని 192తో భాగిస్తే 1.3. అంటే నిమ్మ ఉప్పు 3 గ్రాములకి సోడా 4 గ్రాములు, దాదాపు 4 గ్రాముల సోడియం సిట్రేట్ వస్తుంది. 100 గ్రాముల చీజ్‌కి ఇది సరిపోతుంది.

తూకం లేకపోతే అర టీస్పూన్ నిమ్మ ఉప్పు, ముప్పావు టీస్పూన్‌కి కాస్త తక్కువ సోడా. చిన్న గిన్నెలో నిమ్మ ఉప్పుని రెండు చెంచాల నీళ్లల్లో కరిగించి, సోడాని కొంచెం కొంచెంగా వెయ్యాలి. బుస్సుమని పొంగుతుంది, అది కార్బన్ డయాక్సైడ్. వేసిన సోడాకి ఇక బుడగలు రాకపోతే ఆపేయండి. సోడా ఎక్కువైతే సాస్ సబ్బు రుచి వస్తుంది.

ఒక లీటరు పాలతో సాస్

కావాల్సినవి: ఫుల్ క్రీమ్ పాలు 1 లీటరు, వెనిగర్ 4 పెద్ద చెంచాలు, పైన చెప్పిన సిట్రేట్ నీళ్లు, వెన్న 1 పెద్ద చెంచా, కలపడానికి ఇంకో 100 మిల్లీలీటర్ల పాలు.

ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం కొవ్వు. టోన్డ్ పాలల్లో 3 శాతమే, వాటితో విరుగుడు తక్కువ వస్తుంది, సాస్ కూడా పల్చటి రుచి ఉంటుంది. కరీంనగర్ డెయిరీ ప్యాకెట్ అయినా, ఇంటికి వచ్చే బర్రె పాలైనా సరే. విడి పాలైతే ఒకసారి మరిగించి చల్లార్చి వాడండి. ప్యాకెట్ పాలు ముందే పాశ్చరైజ్ చేసినవి.

1. పాలని 50 డిగ్రీల దాకా మాత్రమే వేడి చేయాలి. వేలు పెడితే వేడి తగలాలి, కానీ రెండు మూడు సెకన్లు ఉంచగలగాలి. ఈ అడుగే పనీర్‌కి, దీనికి తేడా. పనీర్ కోసం దాదాపు మరిగే పాలని విరగ్గొడతాం. అంత వేడిలో తేట ప్రొటీన్లు కూడా కేసిన్‌కి అతుక్కుని గట్టి కట్టడం కడతాయి. అందుకే పనీర్ కూరలో ఎంత ఉడికినా కరగదు.

2. స్టవ్ ఆపి, వెనిగర్‌ని చెంచా చెంచాగా పోస్తూ మెల్లగా కలపాలి. కేసిన్ ముద్దగా చేరి, పచ్చటి తేట విడిపోతుంది. అప్పుడు ఆపేయాలి.

3. పల్చని బట్టలో వడగట్టి, గట్టిగా పిండాలి. తేట పారబోయకండి. జొన్న రొట్టె పిండి కలపడానికో, చారులోకో వాడుకోవచ్చు.

4. విరుగుడు, సిట్రేట్ నీళ్లు, వెన్న, సగం పాలు ఒక గిన్నెలో వేసి, మరిగే నీళ్ల గిన్నె మీద పెట్టాలి. నేరుగా మంట మీద పెట్టొద్దు. ఐదారు నిమిషాల్లో తెల్లటి ముద్ద మెరుస్తూ జారడం మొదలవుతుంది. కాల్షియం ముడి వదులుతోందని అర్థం.

5. దాన్ని మిక్సీలో మిగిలిన పాలతో నున్నగా తిప్పి, మళ్లీ రెండు నిమిషాలు వేడి చేయాలి. గరిటె నుంచి రిబ్బన్ లాగా జారాలి. గట్టిగా ఉంటే ఇంకో చెంచా పాలు.

ఉప్పు చివర్లో, రుచి చూశాకే వెయ్యండి. సిట్రేట్‌కే కొంచెం ఉప్పదనం ఉంటుంది. నిజం చెప్పాలంటే, నెలల తరబడి మాగిన చీజ్‌కి ఉండే ఘాటు దీనికి రాదు. ఇది తాజా పాల రుచి. ఆ లోటుకి పావు టీస్పూన్ ఆవపొడి, వెల్లుల్లి కారం, మిర్యాల పొడి బాగా పనిచేస్తాయి. రంగు కావాలంటే చిటికెడు పసుపు. నిమ్మకాయ మాత్రం సాస్‌లో పిండకండి. పులుపు ఎక్కువైతే కేసిన్ మళ్లీ ముద్ద కడుతుంది, చేసిన పనంతా వెనక్కి పోతుంది. పుల్లగా కావాలంటే ఫ్రైస్ మీద పిండుకోండి.

హాస్టల్‌లో ఉంటే

లీటరు పాలు విరగ్గొట్టే వీలు లేనివాళ్లకి దగ్గరి దారి ఉంది. 25 గ్రాముల ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్‌లు 4, పాలు 70 మిల్లీలీటర్లు. పాలు వేడెక్కాక మంట తగ్గించి, తురిమిన చీజ్ వేసి కలపడమే. సిట్రేట్ విడిగా వెయ్యక్కర్లేదు, క్యూబ్‌లో ముందే ఉంది. చెడ్డార్, మొజరెల్లా వాడితేనే మనం వెయ్యాలి.

చాలామంది కార్న్‌ఫ్లోర్ వేస్తారు. అది కూడా పనిచేస్తుంది, కానీ వేరే దారిలో. మక్కల నుంచి తీసిన ఆ స్టార్చ్ ఉబ్బి పాలని చిక్కగా చేస్తుంది, కొవ్వు బొట్లు కలిసిపోకుండా అడ్డం పడుతుంది. కాల్షియం ముడిని మాత్రం ముట్టుకోదు. అందుకే ఎక్కువ వేస్తే చీజ్ రుచి తగ్గి పిండి రుచి వస్తుంది. పావు లీటరు పాలకి ఒక చెంచా చాలు. మన మక్కపిండి వేస్తే మాత్రం గటక అవుతుంది. అది మొత్తం గింజ విసిరిన పిండి, ఒట్టి స్టార్చ్ కాదు.

పోసుకునే ముందు

ఈ సాస్ చల్లారితే చిక్కబడుతుంది, కొవ్వు గడ్డకట్టడమే కారణం. డిసెంబర్‌లో ఆదిలాబాద్ చలికి ప్లేటు మీదే గట్టిపడుతుంది, అక్కడ చేసేటప్పుడు రెండు చెంచాల పాలు ఎక్కువ పోయాలి. ఎండాకాలం కరీంనగర్‌లో అయితే బయట గంట కన్నా ఎక్కువ ఉంచొద్దు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. వేడి చేయాలంటే మళ్లీ నీళ్ల గిన్నె మీదే, ఒక చెంచా పాలతో.

ఫ్రైస్ కరకరలాడుతూ ఉండాలంటే సాస్ మీద పోయకుండా పక్కన పెట్టుకుని అద్దుకోండి. ఆలుగడ్డలే ఉండాలని కూడా రూలేం లేదు. వేడి వేడి సర్వపిండి ముక్క విరిచి ఇందులో ముంచి చూడండి. పల్లీలు, నువ్వులు, శనగపప్పు పంటికి తగులుతుంటే ఆ కారానికి ఈ పాల కమ్మదనం భలే కుదురుతుంది. మీ ఇంట్లో కూడా "ఎట్ల జేస్తరో చెప్పు" అని అడిగేవాళ్లు ఉంటే, సోడా బుసబుసలాడే గిన్నె వాళ్ల ముందే పెట్టండి. దాచాల్సింది ఇందులో ఏమీ లేదు: పాలు, పులుపు, సోడా, వెన్న.