మొసలి కాని మొసలి, దానికి ఒక మిషనరీ పేరు

గోదావరిఖనిలో నేల అడుగున ఏముందని చిన్నపిల్లల్ని అడిగినా బొగ్గు అంటారు. బాయిలో పనిచేసిన మన సంఘస్థులు ఇంకొకటి కూడా చూసి ఉంటారు. బొగ్గు పొర దగ్గరి రాయి పలకలుగా చీలినప్పుడు అందులో ఆకుల అచ్చులు కనబడతాయి. వాటిలో చాలావరకు గ్లాసోప్టెరిస్ అనే చెట్టువి. 25 కోట్ల ఏళ్లకు పైబడిన ఆనాటి అడవులే నేటి సింగరేణి బొగ్గు.

అదే లోయలో గోదావరి దాటి ఉత్తరానికి వెళితే, పాత ఆదిలాబాద్ జిల్లాలో మలేరి అనే ఊరుంది. అక్కడి ఎర్రమట్టి పొరలు బొగ్గు తర్వాతి కాలానివి, సుమారు 22-23 కోట్ల ఏళ్ల నాటివి. వాటిలో దొరికిన ఒక జంతువు పేరు పారాసుకస్ హిస్లోపి. పారాసుకస్ అంటే మొసలికి దగ్గరిది అని అర్థం. హిస్లోపి అన్నది ఒక దైవజనుని పేరు మీద పెట్టినది.

ఆయన స్టీఫెన్ హిస్లాప్. స్కాట్లాండ్ ఫ్రీ చర్చి మిషనరీగా 1840లలో నాగపూర్ వచ్చారు, బడి పెట్టారు. అక్కడి హిస్లాప్ కళాశాలకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. ఆయన గోండుల పాటలు, మాటలు రాసుకున్నారు, దారిలో కనిపించిన రాళ్లు ఏరుకున్నారు. తోటి మిషనరీ రాబర్ట్ హంటర్‌తో కలిసి నాగపూర్ పరిసరాల శిలాజాల మీద 1855లో లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో రాశారు. మలేరి శిలాజాలను లోకానికి తెలిపిన తొలివారిలో ఆయన ఒకరు. 1863 సెప్టెంబరులో పొంగుతున్న వాగు దాటుతూ మునిగి చనిపోయారు. 1885లో లిడెక్కర్ అనే శాస్త్రవేత్త ఈ జంతువుకు ఆయన పేరు పెట్టారు.

ఇంతకీ అది ఎలా ఉండేది? పొడవు సుమారు రెండున్నర మీటర్లు. సన్నని పొడుగాటి మూతి, వాడి పళ్లు, వీపు మీద ఎముక పలకలు. చూడగానే మొసలే అంటాం. కానీ ముక్కు రంధ్రాలు చూడండి. మొసలికి అవి మూతి కొసన ఉంటాయి, దీనికి కళ్లకు కాస్త ముందు ఎత్తుగా ఉంటాయి. ఇది మొసళ్లకు, ఎలిగేటర్లకు ముత్తాత కాదు, దూరపు చుట్టం మాత్రమే. నీటిలో పొంచి వేటాడే బతుకు రెండింటిదీ ఒకటే, అందుకే రూపమూ ఒకేలా వచ్చింది. ఈ జాతి సుమారు 20 కోట్ల ఏళ్ల క్రితమే అంతరించింది.

దీని కథలో మాకు బాగా నచ్చిన భాగం వేరే ఉంది. మొదట్లో ఈ పేరు కింద చేర్చిన ఎముకల్లో వేరే జంతువు ముక్క కూడా కలిసిపోయింది. మిగిలిన మూతి ముక్కను బట్టి ఇది ఫలానా అని తేల్చడమూ కష్టమే. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు ఈ ప్రాంతంలో దాదాపు పూర్తి అస్థిపంజరాలు తవ్వి తీశాక, 1978లో శంకర్ ఛటర్జీ దీనిని వివరంగా వర్ణించారు. రెండు అస్థిపంజరాల కడుపు భాగంలో మలేరిసారస్ అనే బల్లివంటి జంతువు ఎముకలు ఉన్నాయి, అంటే చివరి భోజనం కూడా దొరికిందన్నమాట! తర్వాత ఆ పాత ముక్క స్థానంలో ఈ అస్థిపంజరాన్నే ఆ పేరుకు ప్రమాణంగా నిలిపారు. హిస్లాప్ పేరు మాత్రం అలాగే ఉంది.

ఇదంతా సంఘాలకు ఎందుకు చెబుతున్నాం? సండే స్కూల్లో పెరిగి, డిగ్రీలో జియాలజీ తీసుకుని, సింగరేణిలో ఉద్యోగం ఆశించే పిల్లలు మన మధ్య ఉన్నారు. కోట్ల ఏళ్ల మాట వినబడగానే, అది నమ్మితే విశ్వాసం లేనట్టే అని కొందరు పెద్దలు వారిని గద్దిస్తారు. ఆదికాండములోని దినాలను ఎలా అర్థం చేసుకోవాలన్న దానిపై భక్తిపరుల్లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఈ పేజీలో తేలదు. కానీ రాయినో రక్షణనో ఎంచుకోమని ఒక పద్దెనిమిదేళ్ల బిడ్డను నిలబెట్టడం అన్యాయమని మా అభిప్రాయం. సువార్త చెప్పిన నోటితోనే హిస్లాప్ శిలాజాల గురించీ చెప్పారు.

దీనికి ఎదురు ధోరణి కూడా మాకు నచ్చదు. యోబు గ్రంథం 41వ అధ్యాయంలోని మకరము ఇదేనంటూ పాత జంతువుల బొమ్మలు ఫోన్లలో తిప్పుతుంటారు. వాక్యాన్ని నిలబెట్టడానికి మలేరి ఎముక అక్కర లేదు. గని ప్రాంతం వారు యోబులో చదవవలసింది నిజానికి 28వ అధ్యాయం. మనుషులు భూమి లోతుల్లోకి దిగి తవ్వే పని గురించి అందులో ఉంది, మన కార్మికులకు అది వెంటనే అర్థమవుతుంది.

పిల్లలకు బతికున్న చుట్టాన్ని చూపించాలంటే మంథని వైపు గోదావరి ఒడ్డున శివారం అభయారణ్యం ఉంది, మొసళ్ల కోసం ఏర్పరచినది. దూరం నుంచే చూడండి, ముక్కు రంధ్రాలు ఎక్కడున్నాయో వారినే చెప్పమనండి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. అదీ పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిదే.

పొలంలోనో వాగు గట్టునో ఎముకలా కనిపించే రాయి దొరికితే దాన్ని పగలగొట్టవద్దు, ఇంటికి తేవద్దు. ఉన్నచోటే ఫోటో తీసి, ఊరి పేరు, చోటు రాసుకుని, హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికి తెలియజేయండి. చోటు తెలియని ఎముక వల్ల చదువుకునేవారికి ఉపయోగం తక్కువ.