ఆఫీసు దొరలు – బొమ్మల హాస్యము

పురుషుడు ఉదయము భోజనము చేసి ఆఫీసునకు బోయినది మొదలు సాయంకాలము ఇల్లు చేరువరకు అచ్చట నేమి జరుగునో ఇంటనున్న ఇల్లాలికి సాధారణముగా తెలియదు. వాకిట చెప్పులు విడిచిన తీరునుబట్టి ఆనాడు దొరగారి మనస్సెట్లుండెనో గ్రహించుట మాత్రము మన స్త్రీలకు వెన్నతో బెట్టిన విద్య. ఇప్పుడు స్త్రీలును ఉద్యోగములు చేయుచున్నారు గనుక అలసివచ్చి చెప్పులు విడుచునది ఇల్లాలే కావచ్చును. ఈ ఆఫీసు పాట్లను చిన్న చిన్న గళ్లలో బొమ్మలుగా గీచి జనులను నవ్వించు చిత్రకారులు అమెరికాదేశమున నూరేండ్లకు పైగా కలరు. వారి బొమ్మల కథలను గూర్చి సోదరీమణులకు కొంత తెలుపవలెనని మా యుద్దేశము.

ఈ కథల కట్టుబాటు మిక్కిలి సులభము. దినపత్రికలో ఒక మూలను మూడో నాలుగో గళ్లుండును. మొదటి గడిలో సంగతి తెలియును, నడిమి గడిలో చిక్కు బిగియును, కడపటి గడిలో నవ్వు పుట్టును. పాత్రలు దినదినము వారే గనుక చదువరులకు వారు ఇరుగుపొరుగువారివలె పరిచితులగుదురు.

టైపుమిషను వచ్చినపిమ్మట అమెరికాలో యువతులు తండోపతండములుగా ఆఫీసులలో ప్రవేశించిరి. వెంటనే చిత్రకారుల దృష్టి వారిపై బడెను. 1921లో రస్ వెస్టోవర్ అను నాతడు ‘టిల్లీ ది టాయిలర్’ అను కథ నారంభించెను. టిల్లీ సింప్కిన్సు అను వర్తకుని ఆఫీసులో పనిచేయు సొగసుకత్తె. ఆమె దుస్తులు, ఆమె వెంట దిరుగు యువకులు, ఆమెను ప్రేమించు మాక్ అను పొట్టి గుమాస్తా – ఇవియే కథావస్తువులు. ఇది 1959 వరకు సాగెను. ఇందు దొరకంటె పనిచేయు పిల్లయే ఎక్కువగా నవ్వులపాలగుట మాకు రుచింపదు. కాని స్వయముగా జీతము దెచ్చుకొను పడుచును ప్రతిదినము పత్రికలో జూచుట ఆనాటి బాలికలకు కొంత ధైర్యము నొసగియుండునని మా నమ్మకము.

1930 సెప్టెంబరులో చిక్ యంగ్ ప్రారంభించిన ‘బ్లాండీ’ కథ గృహిణులకు మరింత దగ్గరిది. డాగ్‌వుడ్ అను కోటీశ్వరుని కొడుకు బ్లాండీని వలచెను. తలిదండ్రులు సమ్మతింపలేదు. 1933లో అతడామెను పెండ్లాడగా వారు అతనికి చిల్లిగవ్వ యీయక వెళ్లగొట్టిరి. అవి అమెరికాలో లక్షలాది జనులకు పనులు పోయిన కరవు దినములు. చదువరుల కష్టమే నాయకునికిని వచ్చుటచే కథ ప్రజల హృదయములకు హత్తుకొనెను. అతడు డిథర్సు అను కట్టడముల కంపెనీ దొరవద్ద కొలువున జేరెను. బల్లపై తలవాల్చి నిద్రించుట అతని వ్రతము. గద్దించి, తన్ని, “నీ పని పోయినది పొమ్ము” అనుట దొరగారి నిత్యకృత్యము. జీతము పెంపుమాట యెత్తినచో ఇక చెప్పనక్కరలేదు! ఐనను ఆ దొరయే ఇంటికి బోయి భార్యయగు కోరా యెదుట పిల్లివలె నొదిగియుండును. ఆఫీసులో పులియైనవాడు ఇంట నేమగునో ఎరిగిన స్త్రీలు ఈ ఘట్టములకు ఎంత నవ్వుకొందురో వ్రాయనేల? 1973లో చిక్ యంగ్ మరణింపగా కుమారుడు డీన్ యంగ్ కథను సాగించెను. 1991లో బ్లాండీ తన స్నేహితురాలితో గూడి విందుభోజనములు వండి పంపు వ్యాపారము పెట్టినది. అరువదియేండ్లు వంటయింటనున్న ఇల్లాలు తానే యజమానురాలగుట ఆ కథలో గొప్ప మలుపు.

జపానుదేశమున ఆఫీసులలో తేనీరు అందించుట, కాగితములకు నకళ్లు తీయుట మున్నగు చిల్లరపనులు చిరకాలము యువతుల నెత్తిన బడెను. వారిని అచ్చట ‘ఆఫీసు లేడీ’లందురు. అకిజుకి రిసు అను చిత్రకారిణి వారి బ్రదుకును నాలుగు గళ్ల కథలుగా గీచి ప్రసిద్ధినందినది. స్త్రీయే గీయుటచేత ఆ హాస్యమునకు వేరొక రుచి కలిగినది.

ఇక చెడ్డ యాజమాన్యమును వేళాకోళము చేయుటలో ‘డిల్బర్ట్’ను మించిన కథ లేదు. దీనిని 1989 ఏప్రిలులో స్కాట్ ఆడమ్స్ ఆరంభించెను. అతడప్పుడు కాలిఫోర్నియాలో ఒక టెలిఫోను కంపెనీ ఉద్యోగి. 1995 వరకు ఒకచేత ఆ కొలువు చేయుచు, రెండవచేత ఆ కొలువునే బొమ్మలు గీయుచుండెను. 1993లో తన కంప్యూటరు చిరునామాను కథలోనే అచ్చువేయగా నలుమూలలనుండి ఉద్యోగులు తమ దొరల తెలివితక్కువ పనులను వ్రాసి పంపసాగిరి. అతనికి వస్తువు కొరత లేకపోయెను!

ఈ కథలో దొరకు పేరు లేదు. తలకు ఇరుప్రక్కల కొమ్ములవలె నిక్కిన జుట్టు మాత్రమున్నది. పని తనకు తెలియదు, తెలిసినవారి మాట వినడు. సభపై సభ చేయును. ఆలిస్ అను ఇంజనీరు మగవారికంటె మిన్నగా పనిచేసియు తగిన మన్నన గానక కోపముతో నుడికిపోవుచుండును. వాలీ పని తప్పించుకొనుటయందు పండితుడు. అశోక్ అను భారతీయ యువకుడు మన ఐ.ఐ.టి.లో చదివి శిక్షణకై చేరినవాడు; అమాయకుడు గనుక అందరి పనియు అతనికే అంటగట్టుదురు. కంప్యూటరు పనులకై అమెరికా వెళ్లిన బిడ్డలు మన తెలుగు కుటుంబములలో నెందరో కలరు. వారి తల్లులు అశోకును జూచినచో నవ్వుతోబాటు ఒక నిట్టూర్పును విడువక మానరు.

అసలు చెడ్డ దొరలేల పుట్టుదురు? 1969లో లారెన్సు పీటరు, రేమండ్ హల్ అనువారు ఒక పుస్తకములో చమత్కారమగు సమాధానము చెప్పిరి. పని బాగుగా చేసినవానిని పైమెట్టు ఎక్కింతురు; అచ్చటను బాగుగా చేసిన మరల పైకి; తుదకు తనకు చేతగాని మెట్టు జేరి అచ్చటనే నిలిచిపోవును. పులిహోర అమృతమువలె కలుపు వంటమనిషిని తెచ్చి పెండ్లి జమాఖర్చులకు పెద్దను చేసినట్లని మన మనుకొనవచ్చును. పులిహోరయు పోయె, లెక్కయు పోయె! 1996లో ఆడమ్స్ దీనినింకను వెక్కిరించి, చేతగానివారు పనిని పాడుచేయకుండుటకే వారిని తొలుతనే దొరలుగా చేయుదురని వ్రాసెను.

ఈ నవ్వువలన ఎవరికి లాభము? 1997లో నార్మన్ సాలమన్ అను విమర్శకుడు డిల్బర్టుపై ఒక పుస్తకమే ప్రకటించెను. ఉద్యోగి నవ్వి ఊరకుండును, యాజమాన్యము మారదు, కడపట నవ్వునది కంపెనీయే యని అతని వాదము. ఇందు సత్యము లేకపోలేదు. నవ్వువలన జీతము పెరుగదు, పోయిన పని తిరిగిరాదు. ఐనను అవమానపడినవానికి “ఇది నాయొక్కని ఖర్మము కాదు, నా చేతగానితనమును కాదు” అని తెలియుట స్వల్పవిషయమా? ఆ తెలివి లేనిచో మనిషి లోలోపల క్రుంగిపోవును. నవ్వు మందు కాకపోవచ్చును. రోగమునకు పేరు మాత్రము పెట్టును.

ఇంకొక సంగతియు దాచరాదు. సుమారు 2000 పత్రికలలో వెలువడిన ఆ కథను 2023లో పెక్కు పత్రికలు మానివేసినవి. అమెరికాలోని నల్లజాతివారిని గూర్చి ఆడమ్స్ పలికిన మాటలే కారణము. దొరల అవివేకమును అంత నిశితముగా గనిన కన్నునకు తన మాటలోని తృణీకారము కానరాలేదు. ఎదుటివారిని నవ్వువారికెల్ల ఇది హెచ్చరిక.

మన తెలుగునాట విశాఖపట్టణపు రాగతి పండరిగారు (1965–2015) వేలకొలది హాస్యచిత్రములు గీచి, ఈ కళ మగవారి సొత్తు కాదని నిరూపించిరి. ఆఫీసులో పగలెల్ల గడపివచ్చు మన యువతులలో బొమ్మ వేయగలవారు తమ అనుభవములనిట్లు గళ్లకెక్కించిన ఎంత బాగుండును!

అత్తమీది కోపము దుత్తమీద చూపుట మనకు క్రొత్త కాదు. దొర గుమాస్తాను కసరును, గుమాస్తా ఇల్లాలిని, ఇల్లాలు పనిమనిషిని, ఎవరును దొరకనిచో పసిబిడ్డను. ఆఫీసులో పుట్టిన అవమానము రాత్రి భోజనమువేళకు మన వంటయింట జేరుచున్నది. చెప్పుకొనిన నవ్వు వచ్చును, చెప్పుకొననిచో కోపము వచ్చును. కావున అలసివచ్చినవారు మగవారైనను ఆడువారైనను వారిచేత ఆనాటి కథ చెప్పించుకొనుడు. కోడలికి ఉదయమొక యాజ్ఞ, మధ్యాహ్నము దానికి విరుద్ధమైన యాజ్ఞ ఇచ్చుచున్నామా, పని తెలిసిన పనిమనిషి మాట త్రోసివేయుచున్నామా యనియు పరిశీలించుకొనుడు. కొమ్ములవంటి జుట్టు ఆఫీసు దొరలకే మొలచునని శాసనమేమియు లేదు గదా!