బ్రేకు వేస్తే పెట్రోలు ఎక్కడికి పోతుంది?

నాతవరం నుంచి నర్సీపట్నం వెళ్లే బైకు దారిలో ఎన్నోసార్లు ఆగాలి. ఆగిన ప్రతిసారీ, పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగం బ్రేకు దగ్గర రాపిడితో వేడిగా మారిపోతుంది. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కే ప్యాడ్లు ఆ రాపిడికే అరుగుతాయి. వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు! 60లో దూసుకెళ్లి సడన్ బ్రేకు కొట్టే అన్నయ్యకు పెట్రోలూ ప్యాడ్లూ రెండూ ఖర్చే. ముందే యాక్సిలరేటర్ వదిలేస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది కదా!

ప్యాడ్లు పూర్తిగా అరిగితే వాటి వెనకున్న ఇనుప పలక డిస్కును గీరేస్తుంది. అప్పుడు మార్చాల్సింది ప్యాడ్లొక్కటే కాదు, వాటికన్నా ఖరీదైన డిస్కు కూడా.

మైలేజీ తగ్గిందా? ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పమని నాన్నకు చెప్పండి. బిగుసుకుంటే బ్రేకు పట్టేస్తోందేమో! టైర్లలో గాలి కూడా చూడాలి.