కలబంద: ఒక ఆకు, రెండు రసములు

ఉప్పల్ నుండి ఘట్‌కేసర్ పోవు బాటలో, అన్నోజిగూడ వంటి ఊళ్ళలో, ఇంటి గుమ్మమునకు తలక్రిందులుగా వ్రేలాడగట్టిన కలబంద కానవచ్చును. దిష్టి తగులదని నమ్మిక. మన్నూ నీరూ లేకయే అది చాలకాలము పచ్చగా నిలుచుటకు కారణము వృక్షశాస్త్రము చెప్పును. ఈ మొక్క ఆకురంధ్రములను రాత్రి చల్లదనములో తెరచి గాలి గ్రహించును. పగటి ఎండలో మూసికొని నీటిని కాపాడుకొనును. ఆ నీటి నిల్వయే మనము వాడు గుజ్జు.

సంస్కృతమున కుమారి, ఉర్దూలో ఘీక్వార్ అనబడు ఈ మొక్క ఆకులో రెండు రసములున్నవి. నడిమి గుజ్జులో నూటికి 98 పాళ్ళకు పైగా నీరే. తక్కినదానిలోని జిగురు పదార్థములు తేమను పట్టియుంచును. కనుక పొడిబారిన చర్మమునకు, ఎండకు కమిలిన చోటికి అది హాయి గూర్చును. చేయి కాలినచో ముందు 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచవలెను. గుజ్జు ఆ తరువాతనే. లోతైన గాయము వైద్యునకే చూపవలెను. ఇక మేనిఛాయ తెల్లబడునను ప్రకటనలకు ఆధారము లేదు. తెల్లబడవలసిన అగత్యమేమో కూడ నాకు బోధపడదు!

తొక్క అడుగున ఊరు పసుపుపచ్చని చేదుపాల తీరు వేరు. అది ఎండగా ఏర్పడు నల్లని ముద్దయే ముసాంబరము. ఉర్దూలో ముసబ్బర్, ఏల్వా. అరబ్బీలో ఈ చేదుమందు పేరూ, ఓర్పును తెలుపు 'సబ్ర్' అను మాటయూ ఒకే అక్షరములతో వ్రాయబడును. బెణికిన చోట ముసాంబరపు పట్టు వేయుట మన పెద్దలెరిగినదే. కడుపులోనికి పోయినచో అది తీవ్ర విరేచనకారి. యునానీ, ఆయుర్వేద వైద్యులు దానిని శుద్ధిచేసి, మోతాదు చూచి ఇత్తురు, గర్భిణులకు ఈయరు. అమెరికా ప్రభుత్వము 2002లో వైద్యుని చీటి లేకుండ అమ్ము విరేచన మందులలో దాని వాడుకను నిలిపివేసినది.

అట్టిచో అందము కొరకని ఆకును తొక్కతోనే నూరి పరగడుపున త్రాగు విద్యార్థులు దేనిని త్రాగుచున్నట్లు? చేదుపాలు కూడ అందు చేరును. పూతకైనను ఆకును మొదలంట కోసి, కోత క్రిందికి వచ్చునట్లు కొంతసేపు నిలిపి, పసుపు రసమంతయు కారిన పిదప కడిగి తొక్క తీయవలెను. మొదట మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక దినము చూచుట మంచిది. కొందరికి దురద పుట్టును.

చేల గట్లపై పెరుగు కిత్తనారను చూచి కలబందయని భ్రమపడువారును కలరు. దాని రసము చర్మమును మండించును. ఆకు విరచి చూడుడు: కలబందలో గుజ్జు, కిత్తనారలో నార.