విస్తరాకు ఉండగా కాగితం పళ్లెమెందుకు?

తెల్లారకముందే పూర్ణా మార్కెట్లో కూరగాయల బుట్ట దించే రైతు, ఇల్లు చేరేలోపు ఎన్ని కాగితాలు చేతబట్టాడో లెక్క చూసుకోడు. టీ కాగితం గ్లాసులో, ఇడ్లీ పొట్లం పాత పేపర్లో. ఊళ్లో పెళ్లి ఉంటే భోజనం పళ్లెమూ కాగితమే. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లేలను 2022 జూన్ 5 నుంచి విశాఖ నగరంలో, జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. మంచి పనే. కానీ ఆ ఖాళీలోకి ఎక్కువగా వచ్చింది కాగితం.

కాగితం తగ్గిస్తే చెట్లు మిగులుతాయంటారు. రైతుకు ఈ మాట అంత సులువుగా మింగుడుపడదు. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వేసినవారు ఆ కర్రను అమ్మేది కాగితం మిల్లులకే కదా! ఒకప్పుడు మిల్లులు అడవి వెదురు మీద ఆధారపడేవి. ముడిసరుకు రైతుల దగ్గరే తీసుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. ఇప్పుడు రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్, సారపాకలోని ఐటీసీ మిల్లు ప్రధానంగా రైతులు పెంచిన కర్రతోనే నడుస్తున్నాయి. మరి కాగితం మానేస్తే మన సరుగుడు కొనేదెవరు?

అన్ని కాగితాలూ ఒకటి కావు. రాత పుస్తకం, అట్టపెట్టె, దినపత్రిక వాడిన తర్వాత మళ్లీ మిల్లుకు చేరతాయి. మన దేశంలో తయారయ్యే కాగితంలో పెద్ద వాటా పాత కాగితం నుంచి వచ్చేదే. వీటిని తడపకుండా, నూనె అంటకుండా కట్టగట్టి పాత కాగితాల వ్యాపారికి ఇస్తే చాలు. టీ గ్లాసు, మెరిసే పళ్లెం సంగతి వేరు. వాటి లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఎంగిలి అంటిన ఆ కాగితాన్ని ఎవరూ కొనరు. పెంటకుప్పలో వేస్తే కాగితం చివుకుతుంది, పూత మాత్రం ఎరువుతో పాటు పొలానికి పోతుంది. అలాంటి గ్లాసులో వేడినీళ్లు పోసి పావుగంట ఉంచితే సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీళ్లలోకి దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. స్టీలు గ్లాసు అడిగి తాగడం నామోషీ కాదు.

ఇక పాత పేపర్లో తినుబండారాలు చుట్టడాన్ని ఆహార భద్రత సంస్థ 2018 నిబంధనల్లోనే నిషేధించింది. 2023లో మరోసారి హెచ్చరించింది. సిరాలో సీసం వంటి లోహాలు ఉండవచ్చు. వేడి బజ్జీ నూనెకు సిరా ఇట్టే అంటుకుంటుంది.

దీనికి మారు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఏజెన్సీలో అడ్డాకు తీగ చెట్ల మీదికి ఎగబాకి పెరుగుతుంది. వెడల్పాటి ఆకులు కోసి, ఎండబెట్టి, సన్నటి పుల్లలతో కుట్టి గిరిజన మహిళలు విస్తర్లు చేస్తారు. ఆకులే కోయాలి, తీగను నరికితే మరుసటి ఏడాదికి ఏమీ మిగలదు. పెళ్లికో, అన్న సంతర్పణకో అడ్డాకు విస్తర్లు తెప్పిస్తే ఆ డబ్బు కొండ మీద ఇంటికి చేరుతుంది. తిన్న తర్వాత విస్తరి పెంటలో కుళ్లి ఎరువవుతుంది.

మైదానం రైతుకు అరటాకు ఉంది. తమిళనాడులో పూవన్ అనే రకాన్ని ఆకు కోసమే సాగు చేస్తారు. మన కర్పూర చక్కెరకేళి కూడా ఆ కోవదే. ఐదు సెంట్లు ఉన్నా గట్ల వెంబడి, నీటి బోదె పక్కన కొన్ని దుబ్బులు నాటుకోవచ్చు. గెల వేసిన చెట్టు ఆకు మాత్రం ముట్టుకోకండి. ఆకు తగ్గితే కాయ ఊరదు, గెల తూకం పడిపోతుంది. పక్కన వచ్చే పిలకల నుంచే కోయాలి. ఆకుమచ్చ తెగులు సోకిన ఆకును వేరుచేసి తోట బయట పారేయాలి.

చిరగని లేత ఆకును పొద్దున్నే కోసి, ఈనె విరగకుండా చుట్టి, తడి గోనెలో కట్టి తేవాలి. ఎండ తగిలితే వాడిపోతుంది. ముందే పెళ్లి వంటవాళ్లతో, టిఫిన్ బండ్లవాళ్లతో, పూజ సామాను అమ్మేవారితో మాట్లాడి ఎన్ని ఆకులు, ఏ రోజుకు కావాలో తెలుసుకుంటే మేలు. కొనేవారు లేకుండా కోసిన ఆకు సాయంత్రానికి పశువుల పాలే. కార్తీకంలోనూ, పెళ్లిళ్ల రోజుల్లోనూ గిరాకీ హెచ్చు కాబట్టి పిలకలు అప్పటికి ఆకు మీద ఉండేలా ముందునుంచే నీరు, పశువుల ఎరువు అందించాలి.